కొండ మీది గుమ్మటం

ఇస్నాపూర్ దగ్గరి షెడ్డులో ఆ ఉక్కు గుమ్మటానికి లోపలంతా మెరుపు లేని నల్లరంగు వేసింది సోమమ్మే. హిమాలయాల్లో ఓ కొండ కొమ్మున టెలిస్కోపు మీద దాన్ని కప్పుతారని లారీలకు ఎక్కించే రోజు గానీ ఆమెకు తెలియలేదు. ఘాట్ రోడ్డు కుదుపులకు రంగు అక్కడక్కడా లేచిపోయింది. సరిచేయడానికి కంపెనీ ఆమెను పంపుతానంది.

"గంత దూరం ఎట్ల పోతవే?" అన్నాడు భర్త నర్సింహ.

"ఫిట్టర్లంత వస్తున్నరు గద. నేనేసిన రంగు నేనే సక్కజేసుకుంట" అని తమ ఊరు లక్డారం నుంచి బయలుదేరింది.

ఆ కొండ పైన నాలుగడుగులు వేస్తే ఆయాసం. చెట్టూ పిట్టా లేని కొండలు. పని ముగించి నిచ్చెన దిగేసరికి పొద్దు గుంకింది. అక్కడ ఇంజనీరుగా చేస్తున్న సంగారెడ్డి అమ్మాయి రచన మీట నొక్కింది. గుమ్మటం కదిలింది. సోమమ్మకు మాత్రం తన కాళ్ల కింది నేలే కొండతో సహా తిరుగుతున్నట్టు తోచి, పక్కనున్న కడ్డీని గట్టిగా పట్టుకుంది.

"భయపడకు అక్కా, తిరిగేది పైకప్పే" అంది రచన.

పైన తలుపులు విడిపోయాయి. చీకటి చిక్కబడింది. సోమమ్మ వేసిన నలుపు అందులో కలిసిపోయి, గోడ ఎక్కడ ముగిసిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. పటాన్‌చెరు పొగలో, లైట్లలో ఆమె ఏనాడూ ఇన్ని చుక్కలు చూడలేదు. ఖాళీ అనుకున్న చోట కూడా చుక్కలే.

టెలిస్కోపుకు ఇంకా కెమెరా బిగించలేదు కాబట్టి కంటితో చూసే వీలుంది. రచన ఆమెను మెట్టెక్కించింది. అద్దానికి కన్ను ఆనిస్తే తెల్లటి మసక వెలుగు కనిపించింది.

"ఏంది మేడం, మబ్బా?"

"కాదక్కా, లెక్కలేనన్ని సూర్యుళ్లు. దూరానికి అట్ల కలిసి కనబడుతున్నయి. ఈ వెలుగు అక్కడ బయలెల్లినప్పుడు భూమ్మీద మనిషన్నోడే లేడు."

సోమమ్మ కన్ను ఇంకాస్త దగ్గరగా ఆనించింది.

"గంత దూరం నుంచి వచ్చి, నా కంట్లనే ఆగిపాయెనా ఇగ?"

రోజూ చేసే పనే అయినా ఆ సంగతి రచనకు ఎప్పుడూ తట్టలేదు. "అవునక్కా. నీ కంట్ల పడ్డది ఇంకెక్కడికీ పోదు."

రెప్ప వేస్తే ఆ వచ్చేదేదో బయటే ఉండిపోతుందన్నట్టు కళ్లలో నీళ్లు తిరిగేదాకా సోమమ్మ అలాగే చూసింది.

కింద ఫిట్టర్లు వంతు కోసం తొందరపడుతున్నారు.

"జెర ఆగుండ్రి," అంది కన్ను తీయకుండానే. "ఇంకా వస్తనే ఉన్నది."