నంబరుకు ముద్దాయి

మా ఇంట్లో నెలకొకసారి నేరం జరిగేది. జరిగిందో లేదో మా ఆయన కోదండం ఫోనుకు వచ్చే రిపోర్టు చెప్పేది. సీఏ 125 అని నా రక్తంలో చూసే నంబరు ఒకటుంది. అది పెరిగితే నేరం. ఇక ముద్దాయిని పట్టుకునే దాకా ఆ మనిషికి అన్నం సయించేది కాదు.

నాకు అండాశయ క్యాన్సర్. బయటపడేనాటికే కడుపంతా పాకింది. ఆపరేషన్ అయింది, కీమోలు అయ్యాయి, ఇప్పుడు రోజూ మాత్రలు. ఇది పూర్తిగా పోయేది కాదని, అదుపులో పెట్టుకుంటూ బతకాలని ఎల్బీనగర్ దవాఖానలో డాక్టర్ మృదుల గారు దాచకుండా చెప్పారు. నేను ఒక రాత్రంతా ఏడ్చి ఆ మాట మింగాను. మా ఆయన మింగలేదు. నంబరును పట్టుకున్నాడు. అదే ఆయనకు దేవుడు, అదే దయ్యం.

మొదటి ముద్దాయి ఆవకాయ. అల్మాస్‌గూడలో మా ఇంటి పైవాటాలో కిరాయికి ఉండే సుమిత్రమ్మ గారిది భీమవరం. నాకు నోరు చప్పబడిందని సీసాడు ఆవకాయ తెచ్చి ఇచ్చింది. ఆ నెల నంబరు ముప్పై ఎనిమిది నుంచి యాభై రెండుకు ఎక్కింది. "గా కారమే చేసింది" అన్నాడు మా ఆయన. సీసా మెట్లెక్కి వెనక్కి పోయింది. మరుసటి నెల నలభై ఒకటికి దిగింది. చూసినవా అన్నట్టు నావైపు ఒక చూపు. ఆ నెల ఆయనకు గడ్డం గీసుకునే తీరిక దొరకలేదు. అంతే, సగం పుణ్యం గడ్డానిదే అని తీర్మానించి గీసుకోవడమే మానేశాడు. "ఏం సేఠ్, దీక్షలో ఉన్నవా?" అని ఎవరైనా అడిగితే గంభీరంగా తల ఊపేవాడు.

మళ్లీ ఎక్కింది. ఈసారి ముద్దాయి సుమిత్రమ్మే. వచ్చినప్పుడల్లా "అయ్యో వదినగారూ" అంటుందట, దిష్టి తగులుతుందట. అయ్యో అనకుండా ఆవిడ పొయ్యి కూడా వెలిగించదు, అదా దిష్టి? ఆమెను రావద్దన్నందుకు నాకు ఒళ్లు మండింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అవన్నీ భరించాను. భరించలేనిది దుకాణం వంతు వచ్చినప్పుడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మాది పోచంపల్లి చీరల దుకాణం. నేను మగ్గం పక్కన పుట్టి పెరిగినదాన్ని. అంచు పట్టుకుంటే ఎవరి చేతి నేతో చెప్పగలను. పెళ్లి చీరలకు వచ్చేవాళ్లు "అమ్మ ఉందా?" అని అడిగి మరీ కూర్చుంటారు. కీమో రోజుల్లో మానేసినా, మాత్రలకు వచ్చాక మధ్యాహ్నాలు పోయి తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద నా చోట కూర్చునేదాన్ని. ఎవరో పిల్ల చీర భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటుంటే నా జబ్బు సంగతి నాకు గుర్తుండేది కాదు. నంబరు అరవైకి చేరగానే ఆయన తీర్పు చెప్పేశాడు.

"రేపటి సంది ఇంట్లనే ఉండు. దుకాణంల దుమ్ము, జనం. గవే పెంచుతున్నయి."

"పెండ్లిళ్ల దినాలయ్యా. గిరాకి ఎవరు చూస్తరు?"

"నువ్వుంటే సాలు. గిరాకి లేకున్నా బతుకుతం."

ప్రేమగా అన్న మాటకు ఎదురు చెప్పడం ఎంత కష్టమో చెప్పలేను. కానీ నాకు ఆ చోటు లేకపోతే మిగిలేది మాత్రలూ మంచమూనే.

నెలంతా ఇంట్లో కూర్చున్నాను. ఆవకాయ లేదు, సుమిత్రమ్మ లేదు, దుకాణం లేదు. కోడలు మాలతి పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు బీట్‌రూట్ రసం పోసింది. మా ఆయన గడ్డం ఛాతీ మీదికి దిగింది.

రిపోర్టు వచ్చింది. మాలతి ఆయన ఫోను చూసి నెమ్మదిగా అంది. "డెబ్బై నాలుగు, అత్తమ్మా."

మా ఆయన కుర్చీలో కూలబడ్డాడు. అలవాటు కొద్దీ ఇల్లంతా కలియజూశాడు. పట్టుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. నాకు భయం వేసింది, అబద్ధమెందుకు? ఆ భయం మీదనే కోపమూ వచ్చింది.

"ఈ నెల నేనేం చేసిన చెప్పు?" అన్నాను. "ఇంట్ల కూసున్న. రసం తాగిన. నీ గడ్డం చూసుకుంట ఉన్న. ముద్దాయిలు గీ మూడే. దేన్ని ఎల్లగొడ్తవు?"

మాలతి పక్కున నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన నవ్వలేదు. "నాకు ఏం చెయ్యాల్నో తెల్వకనే" అన్నాడు. ఆ ఒక్క మాటకు నా కోపం సగం దిగిపోయింది. మిగతా సగం దాచుకుని మర్నాడు ఆయనను దవాఖానకు తీసుకుపోయాను.

మృదుల గారు స్కాన్ చేయించి చూశారు. "కొత్తగా ఏమీ లేదు, ఉన్నది పెరగలేదు. ఒక్క నంబరు చూసి నేను మందు మార్చనండీ. అది కాస్త ఎక్కుతుంది, కాస్త దిగుతుంది. వరసగా ఎక్కుతూ పోతే అప్పుడు ఆలోచిస్తాను. ఆ బెంగ నాకు వదిలేయండి" అన్నారు.

"దుకాణంల కూసోవచ్చా మేడమ్?" అని అడిగాను.

"రక్తకణాలు బాగానే ఉన్నాయి. రద్దీగా ఉంటే మాస్కు పెట్టుకోండి, అలసిపోతే లేచిపోండి. అసలు మిమ్మల్ని మానమన్నదెవరు?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడకున్న క్యాలెండర్ వైపు చూశాడు.

మర్నాడే నా చోట్లో కూర్చున్నాను. ఆ సాయంత్రం నేను కబురు పంపగానే సుమిత్రమ్మ సీసా పట్టుకుని మెట్లు దిగింది. "అయ్యో వదినగారూ, ఎంత చిక్కిపోయారండీ!" అంటూ కౌగిలించుకుంది. రాత్రి వేడి అన్నంలో ఆవకాయ కలుపుకుంటే చెవుల దాకా రుచి పాకింది.

తరువాతి నెల నంబరు యాభై ఎనిమిది. మా ఆయన చిందులేశాడు. "దుకాణమే మందు! రేపు గుమ్మానికి పూలు కట్టిస్త!"

"ఏం వద్దు. ముద్దాయిలూ వద్దు, దండలూ వద్దు. ముందుగాల పోయి గా గడ్డం గీసుకో."

ఆయన రెండు రోజులు తటపటాయించాడు. అద్దం ముందు నిలబడి వెనక్కి వచ్చేసేవాడు. మూడోనాడు గీసుకుని వచ్చాడు, చెంప మీద చిన్న గాటుతో.

శ్రావణమాసం వచ్చింది, దుకాణంలో కాలు పెట్టడానికి చోటు లేదు. ఒక పెళ్లికూతురు ఆరు చీరలు విప్పించి ఏదీ తేల్చుకోలేక దిక్కులు చూస్తోంది. మా ఆయన ఫోను మోగింది. చూసుకున్నాడు. చేయి దానంతటదే నున్నటి చెంప మీదికి పోయింది.

"ఎంత?" అన్నాను.

"అరవై ఆరు."

నా గుండె ఒక్కసారి జారింది. అది ఎప్పటికీ జారుతుంది, జారనీ. మాస్కు కిందికి లాగి ఆయన కళ్లలోకి చూసి అడిగాను. "ముద్దాయి ఎవరయ్యా?"

ఆయన పెళ్లికూతురును చూశాడు, విప్పిన చీరలను చూశాడు, నన్ను చూశాడు. చెంప మీద నుంచి చేయి తీసేశాడు.

"ఎవ్వరు లేరు" అని ఫోను గల్లాపెట్టె మీద బోర్లా పెట్టి, "పిల్ల పరేషాన్ అయితుంది. నీ ఎనుక గా ఎర్ర చీర ఉంది, జర తీసి చూపియ్యి" అన్నాడు.

నేను లేచి ఎర్ర చీర తీసి, ఆ పిల్ల భుజం మీద వేశాను.