అడుగుకు అంగుళం

గుగ్గిలం కాగుతున్న వాసన.

నూనెలో గుగ్గిలం కరుగుతుంటే వచ్చే వాసన అది. తియ్యగా, ఘాటుగా… ఒకసారి బట్టలకు పట్టిందంటే మూడు ఉతుకులకు గాని వదలదు. దాని వెనక కాలవ నీళ్ళ ఉప్పు వాసన. ఆ వెనక సరుగుడు తోపు. తోపులో గాలి.

గాలి మాకు ఎప్పుడూ ఉంటుంది. సముద్రం కూతవేటు దూరం.

ఆ గుగ్గిలం పడవలకు పూసేది. ఆ ఏడాది మా నాయన దాన్ని విమానానికి పూశాడు.

నవ్వొస్తే నవ్వుకోండి. మొదట నేనూ నవ్వాను.

మా నాయన అబ్రహాము. కాలవ పడవల వడ్రంగి. కోట ఊరికి తూర్పున, మద్రాసుకు సరుగుడు కట్టె, ఉప్పు మోసే పడవల్లో ఏది కారినా ఆయన దగ్గరికే వచ్చేది. మా పాలెంలో ఎవరైనా ప్రభువులో నిద్రిస్తే పూడ్చే పెట్టె కూడా ఆయనే చేసేవాడు. పడవకూ పెట్టెకూ పెద్ద తేడా లేదనేవాడు. రెంటిలోకీ నీళ్ళు దిగకూడదు, అంతే.

తమ్ముడి పేరు సమాధానం. వాడూ ఆ పని నేర్చుకున్నాడు. నేర్చుకుని, వదిలేసి, పటాలంలో చేరాడు.

"నాయనకు చెప్పక్కా," అని రాసేవాడు. "ఈడ కూడా మన కాలవ పనే. సరుకు ఎక్కించేది, దించేది. పడవ బదులు విమానం, అంతే. దీన్ని డకోటా అంటారు. రెండు పంకాలు ఉంటాయి."

ఆ ఉత్తరాలు నేనే చదివి వినిపించేదాన్ని. మిషను బడిలో టీచర్ని. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అందుకే యుద్ధం నడుస్తున్న అరవై రెండు నవంబరులో వచ్చిన తంతి కూడా నేనే చదివాను.

ఈశాన్య కొండల మీద… విమానంలో విధి నిర్వహణలో ఉండగా… కనబడుట లేదు.

అంతే ఉంది. విమానం కూలిందని అందులో లేదు. ఎవరూ చెప్పలేదు. మేమే అనుకున్నాం.

మా కాలవ మీద మనిషి పోతే పడవతోనే పోతాడు. పడవ ఒడ్డుకొచ్చి మనిషి రాకపోవడం మేం ఎరగం. ఇంగ్లీషు వచ్చినదాన్ని, నేనూ అలాగే అనుకున్నాను. నా చదువు తగలబడ.

ఏడాది గడిచాక ఇంకో కాగితం వచ్చింది. చనిపోయినట్టే భావించవలెను — అని.

దింపుడు కల్లం ఆశ అంటారు. దింపడానికి మనిషే లేకపోతే ఆ ఆశ ఎక్కడ దిగుతుంది? మా ఇంట్లో అది దిగలేదు. ఏడాదిపాటు ఇల్లంతా తిరిగింది.

అమ్మ ఏడవలేదు. అమ్మ బాధ ఈస్టరు.

ఈస్టరు నాడు తెల్లవారకముందే మావాళ్ళంతా సమాధుల తోటకు పోతారు. ముందురోజే సున్నాలు కొట్టి ఉంటారు. కొవ్వొత్తులు, బంతిపూలు… ఎవరి సమాధి దగ్గర వాళ్ళు నిలబడతారు. పాస్టరుగారు ఒక్కో సమాధి దగ్గరా ఆగి ప్రార్థన చేసి, ఆ ఇంటివాళ్ళ తలల మీద చెయ్యి పెట్టి పోతారు.

అరవై మూడు ఈస్టరుకు మా అమ్మ రెబెక్కమ్మ పూలు పట్టుకుని గేటు దగ్గర నిలబడింది.

లోపలికి… ఎవరి దగ్గరికి పోవాలి?

పాస్టరుగారు అన్ని సమాధులూ తిరిగారు. అమ్మ పూలు ఇంటికి తెచ్చేసింది. గాలికి సగం రాలిపోయాయి.

రెండో కాగితం వచ్చిన రోజు నాయనతో అన్నది.

"ఏమయ్యా, ఒక పెట్టె చెయ్. నిలబడేదానికి నాకొక చోటు కావాల."

"పెట్టెలో ఏం పెట్టేది రెబెక్కా?"

వాడి చొక్కాలు రెండున్నాయి, వాటిని అమ్మ ఇవ్వనన్నది. ఇంకా వాడి వాసన ఉందట.

ఖాళీ పెట్టె పూడ్చడం నాయన వల్ల కాలేదు. ఎన్ని పెట్టెలు చేశాడో ఆయన. ఒక్కటీ ఖాళీగా పంపలేదు.

అప్పుడు ఫొటో తీశాడు.

తమ్ముడు పంపిన ఫొటో అది. విమానం ముందు నలుగురు నిలబడ్డారు. సమాధానం ఈ చివర, పళ్ళన్నీ కనబడేట్టు నవ్వుతూ. వెనక విమానం ముక్కు, ఒక రెక్క, ఒక పంకా, సగం పొట్ట. మిగతాది ఫొటోలో పట్టలేదు.

"ముక్కు తెలిస్తే తోక తెలిసిపోతాది," అన్నాడు నాయన. "పడవకైనా అంతే గదా."

విమానం కొలతలు ఎవరికి తెలుసు? కొడుకు కొలత తెలుసు. అయిదడుగుల అయిదంగుళాలు. పటాలానికి పోయేముందు వాడు తలుపు కమ్మీకి ఆనుకుని నిలబడితే ఆయనే గీత గీశాడు.

ఫొటోలో వాడెంత ఉన్నాడో అంత చీపురుపుల్ల తుంచాడు. ఆ పుల్లను విమానం మీద పొర్లించాడు. ఇక్కడికి ఒక సమాధానం. ఇక్కడికి రెండు. ఇక్కడికి మూడు…

పడవవాళ్ళ లెక్క అడుగుకు అంగుళం. కొత్త పడవ కట్టేముందు ఆ లెక్కన చిన్నది చేసి చూసుకుంటారు. ఆ లెక్కన తమ్ముడు దాదాపు అయిదున్నర అంగుళాలు. అంత పుల్ల ఒకటి చెక్కుకుని చెవి మీద పెట్టుకున్నాడు నాయన. పొద్దస్తమానం అది చెవి మీదే. అన్నం తినేప్పుడు కూడా.

పాత పడవ విప్పిన టేకు చెక్క. పడవకు వేసినట్టే ముందు వెన్ను వేశాడు. వెన్నుకు పక్కటెముకలు. ఎముకల మీద పలకలు… కొబ్బరాకు మందం వచ్చేదాకా చిత్రిక పట్టిన పలకలు.

పలకల మధ్య సందుల్లో పత్తి కూరాడు. పత్తి మీద గుగ్గిలం.

"విమానంలోకి నీళ్ళెట్టా వస్తాయి నాయనా?" అన్నాను.

"వానలో ఎగరదా ఏంది?"

నాకు నవ్వొచ్చింది. ఏడాది తర్వాత మా ఇంట్లో వచ్చిన మొదటి నవ్వు అది. నా మీద నాకే కోపం వచ్చింది.

క్రిస్మస్ పోయింది. సంవత్సరం మారింది. విమానం పెరిగింది.

పొట్ట కాస్త ఎక్కువే వచ్చింది, ఉప్పు పడవ పొట్టలా. రెక్కలు ఊడదీసేట్టు పెట్టాడు, లేకపోతే పెట్టెలో పట్టవు. తోక మీద, రెక్కల మీద మూడు రంగుల చక్రాలు నేను వేశాను. రేకు కత్తిరించి రెండు పంకాలు చేశాడు. ఒక్కోదానికి మూడు ఆకులు.

పంకాలు బిగించిన రోజు గాలి తూర్పు నుంచి తోలింది.

పంకాలు తిరిగాయి.

వాటంతట అవే… గిరగిరా, చిన్న రేకుల చప్పుడు. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. చూసింది. ఒక వేలు అడ్డం పెట్టి ఒక పంకాను ఆపింది. రెండోది తిరుగుతూనే ఉంది. దానికి రెండో చేతి వేలు పెట్టింది.

అలా రెండు చేతులూ చాచి నిలబడింది, పొయ్యి మీద అన్నం మాడిపోయేదాకా.

సంఘ పెద్ద జ్ఞానప్రకాశం గారు వచ్చి చూసి గడ్డం గోక్కున్నాడు.

"చెక్కిన బొమ్మను పూడ్చి ప్రార్థన చేసేది మనకు తగునా అబ్రహామా?"

"మీకు నిలబడేదానికి చోటుండాది పెద్దాయనా," అన్నది అమ్మ. "నాకు లేదు."

ఆయన సమాధుల తోటలో ఉత్తరం మూల చోటు చూపించి పోయాడు.

అరవై నాలుగు. మంచి శుక్రవారం.

ఆ రోజు మా నాయన ఇనుము ముట్టడు. ప్రభువును మేకులు కొట్టిన రోజున వడ్రంగి సుత్తి ఎత్తకూడదని ఆయన తండ్రి నుంచి వచ్చిన మాట. మూడు గంటల ఆరాధన అయింది. అమ్మ గుడిలోనే ఆగిపోయింది. మేమిద్దరం కొట్టంలో విమానం ముందు ఊరికే కూర్చున్నాం. పని అయిపోయింది. ఎల్లుండి పూడ్చడమే.

అప్పుడొచ్చాడు హజరత్తయ్య. సంగం ఊరి దగ్గర రైతుబిడ్డ. ఫొటోలో సమాధానం పక్కన నిలబడ్డవాడు. సెలవు ఇన్నాళ్ళకు దొరికిందట.

విమానాన్ని చూసి అలాగే నిలబడిపోయాడు. చుట్టూ తిరిగాడు. పొట్ట మీద చెయ్యి వేసి నిమిరాడు.

"తలుపేది పెదనాయనా?"

"తలుపా?"

ఫొటోలో తలుపు లేదు. తలుపుండే తోకవైపు అందులో పట్టనేలేదు. అయినా పడవ పక్కకు బొక్క పెట్టే వడ్రంగి ఎవడు?

"ఎగిరేముందే తలుపు ఊడదీసి కింద పెట్టేస్తారు పెదనాయనా. ఈడ, ఈ ఎడమపక్క. మేం దీని దగ్గర కూచోని మూటలు కాళ్ళతో తోసేది. బియ్యం, పప్పు, మందుగుండు… కింద మనోళ్ళుంటారు గదా, వాళ్ళకు."

నాయన చెవి మీది పుల్ల తీశాడు. హజరత్తయ్య దాన్ని అందుకుని తోక దగ్గర, విమానం పక్కకు ఆనించి పెట్టాడు.

"ఈడ కూచునేవోడు."

"విమానం యాడ పడింది?" అన్నాడు నాయన.

హజరత్తయ్య మా ఇద్దరి మొహాలూ చూశాడు.

"విమానం పడలేదు పెదనాయనా. తిరిగొచ్చింది. ఇప్పటికీ ఎగరతానే ఉండాది… మీకు చెప్పలేదా?"

గాలికి పంకాలు తిరుగుతున్నాయి. నేను లేచి ఆపలేదు.

"మూట తోసినాం. మూటతో పాటే పోయినాడు. కన్ను మూసి తెరిచేలోగా లేడు. ఎందుకు పోయినాడో నాకిప్పటికీ తెలవదు."

నాయన ఒక్కటే అడిగాడు.

"తాడు కట్టుకోలేదా అబ్బయ్యా?"

"కట్టుకోకుండా ఎట్టా? అందరికీ నడుముకు పట్టీ, దాన్ని తగిలించేదానికి విమానం గోడకు కొక్కెం ఉంటాయి. అది పొట్టిగా ఉండాదని, తలుపు దాకా పోయేదానికి వాడే తాడు జతచేసుకున్నాడు. తాడు పని వాడికి తెలిసినట్టు ఎవురికి తెలుసు? తాడు కూడా తెగలేదు పెదనాయనా. కొక్కేనికి అట్టనే యాలాడతా ఉండింది."

బల్ల మీద పురికొస ఉంది. హజరత్తయ్య తీసుకున్నాడు. బల్ల కాలికి చుట్టాడు. నాలుక కొంచెం బయటపెట్టి, శ్రద్ధగా, బడిపిల్లాడు పలక మీద దిద్దినట్టు ముడి వేశాడు.

"ఇదిగో. మాకందరికీ నేర్పించినాడు. మా నాయన ముడి అనేవోడు. ఎంత బరువైనా ఆపతాది. కొస పట్టి ఒక్క లాగు లాగితే ఊడొస్తాది. చూడండి…"

లాగాడు.

ఊడొచ్చింది.

జారుముడి. కాలవవాళ్ళ ముడి. సముద్రం పోటు కాలవలోకి ఎగదన్నితే గట్టుకు కట్టిన పడవ ఒక్క లాగుకు విడిపోవాలి, లేకపోతే బోల్తా పడుతుంది. అందుకే మావాళ్ళు పిల్లలకు నడక తర్వాత నేర్పేది ఆ ముడే. వేరే ముడి వేస్తే చేతి మీద ఒకటి వేసి మరీ నేర్పుతారు. తమ్ముడి చేతి మీద నాయన వేసిన దెబ్బలు నాకు తెలుసు.

పడవ విడిపోవాలి. మనిషి విడిపోకూడదు. తోసిన మూట చెవి ఏదో ఆ తాడు కొసకు తగులుకుని ఉంటుంది. ఒక్క లాగు.

హజరత్తయ్యకు ఏమీ తెలియదు. స్నేహితుణ్ణి పొగిడాననే అనుకున్నాడు. మజ్జిగ తాగి, కళ్ళు తుడుచుకుని, బస్సుకు పోయాడు.

నాయన నా వైపు చూడలేదు. నేనూ ఆయన వైపు చూడలేదు. చూస్తే ఇద్దరికీ తెలుసని తేలిపోతుంది.

కాసేపటికి ఉలి తీశాడు. మంచి శుక్రవారం నాడు… సుత్తి కూడా తీశాడు.

విమానం ఎడమపక్క, తోక దగ్గర, పుల్ల ఆనించిన చోట, తలుపు తెరిచాడు. పత్తి, గుగ్గిలం, టేకు పేళ్ళు ఒళ్ళో రాలాయి. గుడి నుంచి వచ్చిన అమ్మ గుమ్మంలోనే ఆగింది.

"ఈ రోజు ఇనుమేందయ్యా? ఆ బొక్కేంది?"

"గాలాడేదానికి," అన్నాడు నాయన.

ఈస్టరు తెల్లవారింది.

పెట్టెలో విమానం, పక్కన విప్పిన రెక్కలు. ఉత్తరం మూల గొయ్యి. పెట్టెకు తలవైపు, కాళ్ళవైపు తాడు వేసి దించడం మా పద్ధతి. దిగాక కొస లాగితే తాళ్ళు పైకి వచ్చేస్తాయి, మళ్ళీ పడవకు పనికొస్తాయి. ఆ ముళ్ళు ఎప్పుడూ నాయనే వేస్తాడు. ఆ రోజు కూడా ఆయన చేతికే ఇచ్చారు.

ఆయన చేతులు వాటంతట అవే వేశాయి. వాటికి వేరే ముడి రాదు.

పెట్టె దిగింది. తలవైపు తాడు లాగారు, వచ్చింది. కాళ్ళవైపు కొస నాయన చేతిలో ఉంది.

పాస్టరుగారు ఆగారు. పాట ఆగింది. గాలికి కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆరాయి.

"లాగు అబ్రహామా," అన్నాడు జ్ఞానప్రకాశం గారు.

లాగలేదు.

ఎంతసేపో. పొద్దు ముఖాల మీదికి వచ్చింది. చివరికి తాడు కొసను గొయ్యి అంచున పెట్టి, దాని మీద తన చేత్తోనే మట్టి తోశాడు. మా పాలెంలో తాడును మట్టిలో వదలడం నేను చూడలేదు. పెద్దలు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

అమ్మ తన చోటులో నిలబడింది. పాస్టరుగారు ఆమె తల మీద చెయ్యి పెట్టారు. అప్పుడు ఏడ్చింది… ఏడాదిన్నర ఏడుపు.

ఇంటికి వచ్చాక అడిగింది.

"తాడెందుకు లాగలేదయ్యా?"

"ముడి బిగుసుకుపోయింది రెబెక్కా. రాలా."

ఆ ముడి బిగుసుకోదు. ఎంత బరువు వేలాడినా, ఎంత నానినా బిగుసుకోదు. కాలవ గట్టున ముప్పై ఏళ్ళు కాపరం చేసినదానికి ఆ సంగతి తెలియదా?

అమ్మ ఆయన ముఖం వైపు చూడలేదు. చేతుల వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"మట్టి. కడుక్కుందువు రా," అన్నది.

చెంబు వంచింది. ఆయన చేతులు పట్టాడు. మట్టంతా పోయాక కూడా ఆమె నీళ్ళు పోస్తూనే ఉంది.