నేనే అడిగినా చెప్పకు

ఈదమ్మకు ఆ రోజంతా కాలు ఒకచోట నిలవలేదు. చెలకలో కలుపు తీయబోయి జొన్న మొక్కల్నే పీకింది. ఇంటికొచ్చి పొయ్యి మీద గటక పెట్టి, అది ఉడికేలోపు వాకిట్లోకీ లోపలికీ తిరుగుతూనే ఉంది. గటక మాడి వాసనొచ్చేదాకా పొయ్యి సంగతే గుర్తు రాలేదు. అంతా బడి సారు చెప్పిన మాట వల్ల.

రఘుపతి సారుది భువనగిరి. మంచివాడే, కానీ ఓపిక అయిపోయిన మనిషి. పొద్దున గడప దగ్గర నిలబడే చెప్పేసి పోయాడు.

"రేపు ఇన్స్పెక్టర్ సారు వస్తుండమ్మా. నీ బిడ్డ మూడేండ్ల సంది ఒకటో తరగతిలనే కూసుంటాంది. ఏమడిగినా తెల్వదంటది. పేరడిగినా తెల్వదంటది. రేపు గూడ గదే మాటంటే పేరు తీసేసుడే. నా చేతుల ఏం లేదు."

పేరు తీసేస్తే పిల్ల ఎక్కడికి పోవాలో కూడా అప్పుడే ఖాయమైంది. ఈదమ్మ పెనిమిటికి అన్న బుచ్చయ్య. పటేలింట్లో బర్లు కాసే జీతానికి ఈ పిల్లను, బిక్షమ్మను, మాట్లాడి పెట్టాడు.

"సదువు రానిదాన్ని బడిల కూసోబెట్టుడెందుకు ఈదమ్మా? రేపు ఇన్స్పెక్టర్ పోంగనే నేనే తోల్కపోత. జర కడుపు నిండ తింటది."

బుచ్చయ్యను తిట్టడానికి నోరు రాదు. తమ్ముడు లేని ఇన్నేళ్లూ ఈదమ్మ చెలకను తన చెలకతో పాటు దున్నిపెట్టినవాడు. కానీ పటేలింట్లో జీతానికి కుదిరిన ఆడపిల్ల తిరిగి బడి మెట్లెక్కడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు.

పోనీ బిక్షమ్మ మొద్దా అంటే, కాదు. చుట్టుపక్కల ఎవరూ లేరనుకున్నప్పుడు, విసుర్రాయి తిప్పుతూ ఎక్కాలన్నీ గడగడా ఒప్పజెబుతుంది. ఈదమ్మ చెవులారా విన్నది. ఆనందం పట్టలేక దగ్గరికి పోయి, "ఏందే గది, మళ్ళ చెప్పు" అంటే, పిల్ల ముఖం మీద తలుపు మూసినట్టయ్యేది.

"తెల్వది."

ఆ మాట నేర్పింది ఎవరో కాదు, ఈదమ్మే. నేర్పడమంటే మామూలుగా కాదు, నూరిపోసింది.

సంగపోళ్ళ దినాలవి, దొరల మీద సాయుధ పోరాటం నడిచిన రోజులు. పెనిమిటి దశరథం దళంతో గుట్టలు పట్టాడు. ఊరి బయట మిలట్రీ క్యాంపు దిగింది. పొద్దుగూకాక ఎవరెవరో వచ్చేవారు, ఈదమ్మ వండి పెట్టేది. క్యాంపు వాళ్ళు పెద్దవాళ్ళను అడిగి లాభం లేదని పిల్లల్ని పట్టుకున్నారు. ముందు పేరడుగుతారు. తర్వాత ఏం తిన్నావంటారు. ఆ తర్వాత, మీ ఇంట్లో ఇంకెవరు తిన్నారంటారు. వెనక వాడలో ఒక పసివాడు పేరు చెప్పాడు, తిన్నది చెప్పాడు, ఆ ఊపులోనే అటక మీద పడుకున్న మనిషినీ చెప్పేశాడు. ఆ ఇల్లు మిగల్లేదు.

అందుకే మొదటి ప్రశ్న దగ్గరే నోరు మూయించాలని ఈదమ్మ నిర్ణయించుకుంది. పాలపళ్ళు కూడా ఊడని పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, తెల్లారీ పొద్దుగూకీ అదే చదువు. నీ పేరేంది? తెల్వది. నాయిన ఏడ? తెల్వది. గీ కుండల ఏమున్నది? తెల్వది. తప్పు చెబితే తొడ మీద గిల్లేది. బెల్లం ముక్క చూపించి అడిగేది, పిల్ల ఆశపడి పేరు చెబితే బెల్లం లాక్కుని చెంప మీద కొట్టేది. వాళ్ళు బెల్లమూ ఇస్తారు, దెబ్బలూ వేస్తారు, దేనికీ లొంగకూడదు మరి. ముద్దు చేస్తూ అడిగేది, ఏడుస్తూ అడిగేది. ఆఖరుకు ఒక మాట చెప్పింది.

"నేనే అడిగినా చెప్పకు."

అంత గట్టిగా చదువు చెప్పిన పంతులు ఆ తాలూకా మొత్తంలో ఇంకొకరు ఉండి ఉండరు.

ఇప్పుడు ఆ చదువును ఊడబెరకాలి, అదీ తెల్లారేలోగా. సాయంత్రం ఈదమ్మ బెల్లం తెచ్చి బిడ్డ ముందు పెట్టింది. "నీ పేరు చెప్పు బిడ్డా, గింత తిను." బిక్షమ్మ బెల్లం దిక్కు చూసి గుటక వేసింది. "తెల్వది" అని చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈదమ్మ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. బతిమాలింది. కసిరింది. చివరికి వీపు మీద ఒకటి వేసి, తానే ఏడుస్తూ కూర్చుంది. ఏ దారిన పోయినా, తాను వేసిన గొళ్ళెమే ఎదురవుతోంది.

"క్యాంపు పోయింది గదనే. వోట్లు గూడ పడ్డయి. ఇంకెవలున్నరే మనల అడిగెటోళ్లు?"

పిల్ల తల్లి ముఖంలోకి చూసింది. ఈదమ్మే చూపు తిప్పుకుంది. ఎందుకంటే ఆమె కూడా గొళ్ళెం తీయలేదు.

దశరథం బొంబాయి బట్టల మిల్లులో ఉన్నాడని ఊరంతా నమ్ముతోంది. అలా నమ్మించింది ఈదమ్మే. ఒక ఎండాకాలం, తెల్లవారుజామున, దళం వాళ్ళు అతన్ని మోసుకొచ్చారు. గుండెలో తూటా. క్యాంపుకు తెలిస్తే ఈ ఇల్లూ ఉండదు, బుచ్చయ్య ఇల్లూ ఉండదు. పిల్లను నిద్రలోనే వదిలి, అతన్ని చెలక గట్టున తంగేడు పొద కింద పూడ్చి, ఏడుపు మింగి వచ్చి, అందరితో పాటు కూలికి పోయింది. బొట్టు తుడవలేదు, గాజులు తీయలేదు. భయమున్నన్నాళ్ళూ చెప్పలేకపోయింది, భయం పోయాక ఎలా చెప్పాలో తోచలేదు. బొంబాయి నుంచి ఎవరొచ్చినా బుచ్చయ్య వెంటపడి తమ్ముడి జాడ అడుగుతుంటే, చూడలేక లోపలికి పోయేది.

మర్నాడు తల్లీ బిడ్డా బడికి బయల్దేరారు. బడి పెంకులు కనబడుతుండగా ఈదమ్మ ఆగింది. నాలుగడుగులు ముందుకు వేసింది, మళ్ళీ ఆగింది. ఒక్కసారిగా బిడ్డ చెయ్యి పట్టుకుని చెలక దారి పట్టింది. గట్టు చేరేసరికి ఇద్దరికీ ఆయాసం. పక్క చేలల్లో మనుషులున్నారు. ఉండనీ అనుకుంది.

"బిక్షమ్మా, మీ నాయిన బొంబాయిల లేడే. ఊరందరికీ అబద్ధం చెప్పిన. నీకు గూడ చెప్పిన. మీ నాయిన గీ తంగేడు కింద..."

"తెల్సు."

ఈదమ్మకు తాను విన్నదేమిటో అర్థం కాలేదు.

"గానాడు నీ ఎనకనే వచ్చిన. బండ సాటుకు నిలబడ్డ. నువ్వు నోట్ల కొంగు కుక్కుకున్నవు" అంది బిక్షమ్మ. "నువ్వే అడిగినా చెప్పొద్దన్నవు గద."

అప్పుడు ఏడ్చింది ఈదమ్మ. ఇన్నేళ్లు దాచింది మొత్తం, చేలల్లో వాళ్ళు తలలెత్తి చూస్తుండగా, గట్టు మీద పడి ఏడ్చింది. తను ఒక్కతే మోస్తున్నాననుకుంది. పాలపళ్ళ పిల్ల కూడా అంతే బరువు మోసింది, తోడెవరూ లేకుండా. లేచి, కొంగుతో ముఖం తుడుచుకుంది. నుదురు కూడా తుడుచుకుంది.

"ఇగ చెప్పొచ్చు బిడ్డా. ఎవలడిగినా చెప్పు."

బడికి చేరేసరికి ఇన్స్పెక్టర్ పోవడానికి లేచాడు. గుమ్మం దగ్గర బుచ్చయ్య తువ్వాల భుజాన వేసుకుని పిల్ల కోసమే కాచుకుని ఉన్నాడు. రఘుపతి సారు బిక్షమ్మను చూసి, ఆశ లేకపోయినా ముందుకు తోశాడు.

"నీ పేరేమిటమ్మా?" అన్నాడు ఇన్స్పెక్టర్.

పిల్ల వెనక్కి తిరిగి తల్లిని చూసింది. ఈదమ్మ తల ఊపింది.

"బిక్షమ్మ."

రఘుపతి సారు చేతిలోని సుద్దముక్క జారిపడింది.

"మీ నాన్న పేరు?"

"దశరథం."

"ఏం చేస్తుంటాడు?"

"సచ్చిపోయిండు. మా చెలక గట్టుకు, తంగేడు చెట్టు కింద ఉన్నడు." మూడేళ్ళుగా తెల్వది తప్ప ఇంకో మాట పలకని ఆ గొంతు బడంతా వినబడింది. పిల్లలంతా తలలు తిప్పారు.

బుచ్చయ్య గుమ్మం పట్టుకున్నాడు. మెల్లగా ఈదమ్మ వైపు తిరిగాడు. ఆమె నుదురు చూశాడు. చూసి కూడా అడిగాడు.

"ఏందమ్మా, గీ పొల్ల ఏం మాట్లాడుతాంది? నా తమ్ముడేడి?"

తెల్వది అనే మాట ఈదమ్మ నాలుక చివరికి దానంతటదే వచ్చేసింది. లోపల బిక్షమ్మ, ఇంకా నిలబడే, తల్లి నోటి వైపే చూస్తోంది.

"పా బావా, సూపిస్త" అంది ఈదమ్మ.