కాలవ మూల బొమ్మ

చెంబెడు నీళ్లు గోడ మీద పోసి, అవి జారేదాకా ఆగి, యెహెజ్కేలు తడిగుడ్డను బొమ్మ మోకాళ్ల దగ్గర అద్దాడు. రుద్దలేదు. అరచేత్తో కాసేపు అదిమిపట్టి, తీసి, పిండి, మళ్లీ అద్దాడు. రాత్రి ఎవరో పోసిన ఉచ్చ ఎండి తెల్లటి చార కట్టింది. అది వదలడానికి రెండు చెంబులు పట్టింది. తరవాత సబ్బునీళ్లు. తరవాత మళ్లీ మంచినీళ్లు.

“అద్దాలి, రుద్దకూడదు” అనేది అతని భార్య దీనమ్మ. ఆస్పత్రిలో ఆయాగా చేరి, మంచాన పడ్డవాళ్ల వీపుల మీది పుళ్లు కడుగుతూ వయసంతా గడిపిన మనిషి. కోనసీమలో తుఫాను వచ్చిన ఏడాది ఆమే మంచాన పడితే, ఆమె చెప్పినట్టే ఆమె వీపు కడిగాడు యెహెజ్కేలు. ఆమె పోయినా ఆ అలవాటు అతని చేతుల్ని వదిలి పోలేదు.

ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఇన్నీసుపేట బజారు వెనక సందులో కాకులు కూడా లేవలేదు. బోరింగు దగ్గర్నుంచి బకెట్టు మోసుకొచ్చేసరికి ఆయాసం వచ్చింది. నాలుగైదు రోజులుగా ఎడమ భుజం లాగుతోంది. కుంచె పట్టేది కుడిచెయ్యి కదా, ఎడమదానికేం వచ్చిందని దాన్ని పట్టించుకోవడం మానేశాడు.

ఆ గోడ జగన్నాథరావుగారి బియ్యం గొడౌనుది. శివరాత్రి వెళ్లిన వారంలో ఆయనే కబురు పెట్టాడు. అప్పటికి యెహెజ్కేలుకు పని దొరకడం గగనమైపోయింది. లారీల వెనక అక్షరాలు, మందులషాపుల బోర్డులు, ఎన్నికల గోడలు, క్రైస్తవుల గుమ్మాల మీద వాక్యాలు — ఇవన్నీ రాసిన చెయ్యి. ఇప్పుడు ఎవరికేం కావాలన్నా దేవీచౌక్ దగ్గరికెళ్లి ఫ్లెక్సీ కొట్టించుకుంటున్నారు. మధ్యాహ్నం చెబితే సాయంత్రానికి చేతికొస్తోంది.

“ఈ గోడ చూశావా? ఊళ్లో మగాళ్లందరికీ ఇదే చోటు” అన్నాడు జగన్నాథరావు, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని. “మూడు మతాల దేవుళ్ల బొమ్మలూ వేసెయ్. ఏ మతంవాడికైనా వెనకడుగు పడాలి. కిందగా వెయ్యి. పైన వేస్తే తలెత్తి చూసేవాడెవడు?”

వీధి మొగన వేంకటేశ్వరస్వామిని వేశాడు. నామం, కిరీటం, పూలదండ. మధ్యలో మినారు, దానిపైన నెలవంక, నక్షత్రం. మిగిలింది మురిక్కాలవ పక్కనున్న మూల. మన దేవుణ్ని మనం చివర్న వేసుకోవడమే మర్యాద అనుకున్నాడు. పెళ్లిభోజనాల్లో ఇంటివాళ్లు ఆఖరి బంతిలో కూర్చోరూ, అలాగ.

అక్కడ కాలవ తడి పైకెక్కి, కిందగా బొమ్మ వెయ్యడానికి మిగిలిన పొడి గోడ నడుమెత్తు కూడా లేదు. నిలబడ్డ యేసును వేస్తే బొమ్మల కొలువులో బొమ్మంత అవుతాడు. అందుకని మోకాళ్ల మీద కూర్చోబెట్టాడు. నడుముకు తువ్వాలు, ముందు పళ్లెం, పళ్లెంలో ఎవరివో రెండు పాదాలు. మడమలు పగిలిన పాదాలు, వరిచేలో దిగి పనిచేసేవాడివి. ఆఖరి రాత్రి శిష్యుల కాళ్లు కడిగినట్టే, ఆ పాదాల మీదికి వంగి కడుగుతున్నాడు.

స్వామి దగ్గరికి ఒక్కడూ రాలేదు. మినారు దగ్గరా రాలేదు. సందులో కంపు తగ్గింది. మెయిన్‌రోడ్డు మీద మునిసిపాలిటీవాళ్లు తరిమేసిన ఇడ్లీబండి వీరవేణి, ఆ ధైర్యంతోనే వచ్చి మినారు ఎదర బండి పెట్టుకుంది. పొద్దున్నే మూడు బొమ్మలకీ తలొక మందారం పెట్టి గాని పొయ్యి వెలిగించదు. కాలవ మూల మాత్రం స్తంభం మీద లైటు లేక చీకటి. యానాం సరుకు తాగి, తూలుతూ సందు చివరిదాకా వెళ్లేవాళ్లకు అక్కడ ఎవరున్నారో కనబడదు. కనబడ్డా ఆగనివాళ్లూ ఉంటారు. అందుకే యెహెజ్కేలు రోజూ చీకటితోనే లేచి వచ్చి కడుగుతున్నాడు.

కిందటి ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి మెట్ల కింద చెప్పులు తొడుక్కుంటుంటే ప్రేమ్ కుమార్ వచ్చి నిలబడ్డాడు. సెల్‌ఫోన్ల షాపులో పని చేస్తాడు. సంఘంలో యువజనులకు నాయకుడు.

“తాతయ్యగారూ, ఆ సందులో ప్రభువు బొమ్మ మీరేసిందేనా?”

“ఆయ్. నేనేసిందే బాబూ.”

“వెంకన్నబాబుకి వీధి మొగన చోటిచ్చి, మనాయనకి మురిక్కాలవా అండీ? రాత్రి ఒకడు సిగరెట్టు నోట్లో పెట్టుకుని సరిగ్గా మొహం మీద పోస్తున్నాడు. నేను చూశాను. వాడు నవ్వుతున్నాడండి.” ఆ మాట దగ్గర కుర్రాడు ఆగి కళ్లు తుడుచుకున్నాడు. తమాయించుకున్నాక కోపమే మిగిలింది. “కేలండర్లలో ఎంత చక్కగా ఉంటాడు! అది చూసైనా వెయ్యకపోయారా? ఆ వంగడం, ఆ వీపు, ఆ తువ్వాలు. ఆస్పత్రి ఆయాలా ఉన్నాడు.”

“ఉండడా మరి, ఇంట్లో చూసిందే వేశాడు” అన్నారు వెనక ఎవరో. ఒకరిద్దరు నవ్వారు.

యెహెజ్కేలు రెండో చెప్పు తొడుక్కుని వెళ్లిపోయాడు. సాయంత్రం సందులోకి వెళ్లి బొమ్మ ముందు నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. ఎడమ భుజం కుడిదానికంటే కిందికి దిగి ఉంది. ఏళ్ల తరబడి ఆస్పత్రిలో నీళ్ల బకెట్లు మోసిన భుజం. మెడ వెనక ఎముక ఉబ్బెత్తుగా ఉంది. వేసేటప్పుడు అతనికి తెలియలేదు. కడగడమంటే మనిషి అలాగే వంగుతుందని చేతికి తెలుసు, వేసేసింది. దీనమ్మకు ఫొటో అంటూ ఒక్కటీ లేదు. పిల్లలు పుట్టి నిలవలేదు కాబట్టి ఆమె పోలికతో ఎవరూ లేరు. ఉన్నదల్లా కాలవ పక్కనున్న ఈ వీపు.

బుధవారం సంఘ పెద్దలు కూర్చున్నారు. మట్టల ఆదివారం మట్టలు పట్టుకుని సాగే ఊరేగింపు ఆ సందు మొగలోంచే వెళుతుంది. ఈలోగా బొమ్మ చెరిపెయ్యాలి. లేదంటే అతన్ని సంఘంలోంచి తీసేస్తారు. తీసేసినవాళ్లకి సంస్కారం బల్ల దగ్గర రొట్టే ద్రాక్షరసమూ ఉండవు, సమాధుల తోటలో చోటుండదు. దీనమ్మ సమాధి పలక మీద ఆమె పేరు రాసింది అతనే. పలకలో సగానికే సర్ది, మిగతా సగం తన పేరుకు వదిలిపెట్టాడు. ఆ ఖాళీ జాగా ఎదర నిలబడి మాట్లాడుకోవడం, నెలకోసారైనా, అతనికి అలవాటు.

ఇవాళ శనివారం. రేపే మట్టల ఆదివారం.

గోడ తుడవడం ముగించేసరికి వెలుతురొచ్చింది. వీరవేణి బండి తోసుకుంటూ వచ్చి, అతని పక్కనున్న సరంజామా చూసింది. ఒక పక్క తెల్ల ఆయిల్ పెయింటు డబ్బా. ఇంకో పక్క సున్నం సంచి.

“చెరిపేస్తారా ఏంటి బాబాయిగారూ?”

“చెరపాలమ్మా.”

“మీవాళ్లకేం పోయిందండి? మీ చర్చి మీద ఏమైనా పోశారా?” స్టవ్వు పంపు కొడుతూనే అంది. “ఆయన ఇక్కడ కూర్చున్నాడు కాబట్టి నేనూ ఇక్కడ కూర్చున్నాను. రేపట్నుంచి మళ్లీ కంపు మొదలైతే ఇక్కడ ఇడ్లీ ఎవడు తింటాడు?”

“వాళ్లకీ బాధే వీరవేణీ. చూసినవాడికి కడుపులో తిప్పుతుంది కదా.”

“మీకు తిప్పలేదా?”

“నేను కడుగుతున్నానుగా.”

ఆమె రెండిడ్లీ పెట్టిన ఆకు అతని ముందుకు తోసింది. ఒకటి తిన్నాడు. రెండోది కుక్కకు వేశాడు. పెయింటు డబ్బా మూత స్క్రూడ్రైవరుతో లేపి, కర్రతో కలిపి, కుంచె ముంచాడు. బొమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆయిల్ పెయింటు రెండు పూతలు వేస్తే ఇక కింద ఏముందో ఎవరికీ తెలీదు. దాన్ని మళ్లీ బయటికి తీయడం వేసినవాడి వల్ల కూడా కాదు. కుంచె చివర్నుంచి పెయింటు చుక్కలు చుక్కలుగా కాలవలో పడింది. గోడ మీద మాత్రం పడలేదు. కాసేపటికి కుంచెను కిరసనాయిల్లో కడిగి, డబ్బా మూత బిగించి పక్కన పెట్టేశాడు.

తరవాత సున్నం బకెట్లో పోసి నీళ్లు వేశాడు. అది బుసబుసమని ఉడికింది. చిటికెడు నీలిమందు కలిపాడు. చల్లారడానికి వదిలేసి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. భుజం నొప్పి మోచేతిదాకా దిగింది.

ఎండ ఎక్కాక జీవరాజు మాస్టారు సైకిలు నడిపించుకుంటూ సందులోకి వచ్చాడు. రిటైరైన బడిపంతులు, సంఘ పెద్దల్లో ఒకడు. పని అయిందో లేదో చూసి రమ్మని ఆయన్నే పంపారు.

“వందనాలు యెహెజ్కేలూ.”

“వందనాలండి మాస్టారు.”

“ఇంకా మొదలెట్టలేదేం?”

“సున్నం చల్లారాలండి. ఇదిగో, ఇప్పుడే.”

మాస్టారు బకెట్లోకి చూశాడు. మూత బిగించిన పెయింటు డబ్బానూ చూశాడు. ఏటా క్రిస్మస్‌కి తన ఇంటికి తనే నిచ్చెనెక్కి సున్నం వేసుకునే మనిషి ఆయన.

“సున్నమేనా?”

“సున్నమేనండి.”

“బంక కలిపావా?”

“లేదండి.”

బొమ్మ వేసింది ఆయిల్ పెయింటుతో. దాని మీద సున్నం నిలవదు. బంక కలిపితే ఒక వానాకాలం ఓర్చుకోవచ్చు. కలపకపోతే ఎండకే పెచ్చులూడిపోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మాస్టారు సైకిలుకు స్టాండు వేసి, కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. కాలవ అంచున వంగి బొమ్మను చూశాడు.

“మా అమ్మకి ఆఖర్లో దీనమ్మే చేసింది” అన్నాడు. “అలాగే వంగేది. వెనకనుంచి పిలిస్తే, ఉండండి మాస్టారూ, చేతులు తడిగా ఉన్నాయి అనేది.”

యెహెజ్కేలు తలూపాడు.

“సరే. వేసెయ్. తెల్లగా వేసేశాడని వెళ్లి చెబుతాను.” సైకిలు తిప్పుకుని రెండడుగులు వేసి ఆగాడు. “రేపు పొద్దున్న సంస్కారానికి రా. ముందు వరసలో కూర్చో.”

అతను వేశాడు. నుదుటి నుంచి మొదలుపెట్టి, జుట్టు, మెడ, భుజాలు, వీపు, తువ్వాలు, చివర్న ఆ పగిలిన మడమలు. తడిగా ఉన్నప్పుడు సున్నం ఏదీ దాచదు. పల్చటి పాలమీగడ కింద ఉన్నట్టు బొమ్మంతా అలాగే కనబడుతోంది. ఆరాక గాని తెలుపు తేలదు. ఆరేదాకా ఉండి చూసి వెళదామని, వీరవేణి స్టూలు తెచ్చుకుని గోడకు ఎదురుగా నీడలో కూర్చున్నాడు.

వీరవేణి మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. కోపం తగ్గలేదు. “మొత్తానికి పంపించేశారు ఆయన్ని.”

“నాలుగు రోజులాగు.”

“ఆగితే ఏమవుద్దంట?”

“ఎండలు బాగా కాస్తున్నాయి కదా” అన్నాడు. కాసేపటికి మళ్లీ, “ఈలోగా నేను రాలేకపోతే కాసిని నీళ్లు పోస్తూ ఉండమ్మా. చెంబూ గుడ్డా ఇక్కడే పెడతాను. రుద్దకు. అద్దు” అన్నాడు.

“అలాగేలెండి. మీరు ముందు ఇంటికెళ్లి పడుకోండి. మొహం చూడండి ఎలా ఉందో.”

ఆమె బోరింగు దగ్గరికెళ్లి గిన్నెలు తోముకుంది. తిరిగొచ్చేసరికి మూల గోడ మల్లెపువ్వులా తెల్లగా ఉంది. యెహెజ్కేలు గడ్డం ఛాతీకి ఆనించి కూర్చుని ఉన్నాడు. సున్నపు చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. మజ్జిగ తాగలేదు. గ్లాసు అంచు మీద ఈగ నడుస్తోంది. కునుకు పట్టిందనుకుని, గ్లాసు తీసుకోబోతూ అతని చెయ్యి తాకింది. చెయ్యి చల్లగా ఉంది. గ్లాసు మెల్లిగా కింద పెట్టి, కాసేపు అక్కడే నేల మీద కూర్చుంది. తరవాత లేచి గొడౌనులోకి కబురు చెప్పడానికి వెళ్లింది.

ఆదివారం పొద్దున్న ఊరేగింపు సందు మొగన పాట పాడుతూ వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే అతన్ని దీనమ్మ పక్కన పెట్టారు. పిల్లలు పొద్దుటి మట్టల్ని పెట్టె మీద పడేశారు. పెట్టె మోసిన నలుగురిలో ప్రేమ్ కుమార్ ఉన్నాడు. పలక మీద మిగిలిన సగంలో పేరు రాయడానికి ఊళ్లో మనిషి ఎవరూ దొరక్క ఆ కుర్రాడే కుంచె పట్టాడు. అక్షరాలు సమంగా రాలేదు. చివరికొచ్చేసరికి జాగా చాలక ‘లు’ దీనమ్మ పేరు పక్కకు ఒరిగింది.

అయిదు రోజులకి, మంచి శుక్రవారం నాటికి కాలవ మూల సున్నం పెచ్చులు కట్టింది. ముందు ఎడమ భుజం బయటపడింది. తరవాత వీపు. చూడడానికి చర్చివాళ్లెవరూ ఆ సందులోకి రాలేదు. కొన్ని రాత్రులు గోడ పొడిగానే ఉంటోంది. కొన్ని రాత్రులు ఉండదు. అలాంటి పొద్దున్న వీరవేణి పొయ్యి వెలిగించే ముందు అక్కడికి వెళుతుంది. ఆమె బండి తోసుకుని ఇంటికెళ్లిపోయాక ఆ మూల ఒక అల్యూమినియం చెంబు బోర్లించి ఉంటుంది. దాని మీద, గట్టిగా పిండి ఆరేసిన, అంచుల్లో సున్నం ఇంకా వదలని పాత తువ్వాలు ముక్క.