నిచ్చెన లేపిన బంతి

“తొయ్యండత్తయ్యా. ఇంకొంచెం.”

మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టిన పెద్దావిడ ఒళ్లో పాత వాలీబాల్ ఉంది. దాని పక్కన ఆమె కుడిచెయ్యి ఎవరో మరిచిపోయి వదిలేసిన వస్తువులా పడి ఉంది. పెద్దావిడ పెదవి బిగించింది. నుదుట నరం ఉబ్బింది. వేళ్లు కదిలాయి. బంతి బద్ధకంగా ఒక దొర్లు దొర్లి కోడలి చేతుల్లో పడింది.

“చూశారా, నాకంటే మీరే బాగా ఆడుతున్నారు.”

“అబద్ధం,” అంది పెద్దావిడ. పక్షవాతం వచ్చిన నాటి నుంచి ఆమెకు నవ్వు మూతికి ఒకవైపే వస్తుంది, మాట ఒకటొకటిగానే వస్తుంది. ఆ ఒక్కటీ సూటిగా తగిలేది చూసి వాడుతుంది.

కోడలు బేసిన్లో గోరువెచ్చని నీళ్లు తెచ్చి, అత్తగారిని పక్కకు తిప్పి వీపు తుడిచింది. పొట్టి మనిషి. మంచం పట్టె మీద మోకాలు ఆనిస్తేగానీ అవతలి భుజం అందదు. అయినా వాలీబాల్ జట్టులో ఆమెను నిచ్చెన అంటారు. ఆమె లేపిన బంతినే మిగతావాళ్లు ఎగిరి కొడతారు గనక ఆ పేరు.

రాత్రి డ్యూటీ దిగి వచ్చిన ఆమె భర్త, బస్సు డ్రైవరు, గుమ్మంలో బూట్లు విప్పుతూ నసిగాడు. “అక్క వస్తోంది. మధ్యాహ్నానికి.”

“రానీండి. చూసి ఎన్నాళ్లయింది!”

“అమ్మని తీసుకెళ్తానంటోంది. నువ్వు పనికీ ఆటకీ పోతుంటే అమ్మనెవరు చూస్తున్నారని... ఎవరో చెవిన వేశార్ట.”

“మీరేమన్నారు?”

“ఏమంటాను? రమ్మన్నాను.”

నిచ్చెన తడిగుడ్డ పిండింది. నీళ్లన్నీ కారిపోయాక కూడా పిండుతూనే ఉంది.

నిచ్చెన పనిచేసే ఆసుపత్రి లాండ్రీలో ఆవిరికి మనుషులు మసగ్గా కనిపిస్తారు. ఇస్త్రీ యంత్రంలోంచి వేడి దుప్పటి బయటికి రాగానే ఇద్దరు మనుషులు చెరో రెండు కొసలూ పట్టి లాగి, ఎదురెదురుగా నడిచొచ్చి మడత కలపాలి. నిచ్చెనకు ఎదుటి మనిషి ఎప్పుడూ గడకర్రే. పొడుగు చూసి పెట్టిన పేరు అది. ఇక్కడ దుప్పటైనా అక్కడ బంతైనా, ఒకరి చెయ్యి ఎక్కడికొస్తుందో రెండోవాళ్లు చూడక్కర్లేదు.

“ఈవేళ పోటీల ఆఖరాటకి నేను రానే,” అంది నిచ్చెన.

“మరి బంతెవరు లేపుతారు? మీ వదినా?”

“నవ్వులాట కాదే. ఆవిడకి కన్నతల్లి. ఆవిడ బాధ ఆవిడకుంటుంది.”

“నీ బాధో?”

నిచ్చెన మడత కలిపింది. బంతి గాల్లో ఉన్నంతసేపూ ఆమె తలలో ఇంకేదీ పట్టదు. అది దిగాక అత్తగారి మాత్రలూ, కొడుకు లెక్కల పరీక్షా, కారుతున్న పైకప్పూ మళ్లీ వరసకట్టి వస్తాయి. కానీ అప్పుడు వాటిని మొయ్యడానికి భుజాల్లో సత్తువ ఉంటుంది. ఈ సంగతి ఎవరికైనా ఎలా చెప్పడం? చెప్పినా సాకులానే వినపడుతుంది.

ఇంటికి వచ్చేసరికి వదిన తల్లి జుట్టు దువ్వుతూ కూర్చుని ఉంది. దూర ప్రయాణం చేసి వచ్చిన ముఖం. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నిన్ను తప్పుపట్టడం లేదమ్మాయ్,” అంది. “అమ్మ ఇలా మంచం పట్టి ఉంటే, ఆ ఎగురుళ్లకి నీకు మనసెలా ఒప్పుతోంది?”

నిచ్చెన చేతిసంచి గోడకు తగిలించింది. “ఈవేళ వెళ్లనులెండి వదినా.”

అప్పుడు ఠంగుమని మోగింది. పెద్దావిడ ఎడంచేత్తో గ్లాసు అందుకుని మంచం ఇనప పట్టె మీద కొడుతోంది.

“కుర్చీ.”

“దేనికమ్మా?” అంది కూతురు.

“ఆట.”

“ఈ ఒంట్లోనా? ఎండలోనా? నీకేమన్నా...”

పెద్దావిడ గుడ్లురిమింది. చిన్నప్పుడు ఆ చూపుకే కూతురు వద్దన్న ముద్ద నోట్లో పెట్టుకునేది. ఇప్పుడు లేచి చక్రాల కుర్చీ తెచ్చింది.

కోర్టు పార్కు వెనక ఉంది. ఎదుటి జట్టు బ్యాంకు అమ్మాయిలు. అందరివీ ఒకే రకం నీలం దుస్తులు, కొత్త బూట్లు. లాండ్రీ జట్టులో ఒకామె మొగుడి చొక్కా వేసుకొచ్చింది. బ్యాంకు జట్టు మీద వీళ్లు ఎన్నడూ గెలిచింది లేదు.

మొదటి సెట్టు పోయింది. నిచ్చెన కళ్లు మాటిమాటికీ చక్రాల కుర్చీ వైపే పోతున్నాయి. లేపిన బంతులన్నీ పొట్టిగా పడ్డాయి.

గడకర్ర ఆమె మోచెయ్యి పట్టుకుంది. “అటు చూడకు. ఈవేళ అటు చూసుకోడానికి మనిషుంది.”

నిచ్చెన చివరిసారిగా చూసింది. వదిన ఒక చేత్తో తల్లికి గొడుగు పట్టి, రెండో చేత్తో నీళ్లు తాగిస్తోంది. అవును, మనిషుంది. నిచ్చెన భుజాల మీంచి ఏదో దిగిపోయింది.

రెండో సెట్టు లాండ్రీ జట్టుదే. మూడోది చివరిదాకా సమంగా నడిచింది. ఆఖరు పాయింటుకు బంతి వెనక్కి, గీత అవతలికి పోయింది. అంతా అయిపోయిందనుకున్నారు. నిచ్చెన పరిగెత్తి, మోకాళ్ల మీద జారి, నేలకు జానెడెత్తులో అందుకుని, నెట్టు వైపు చూడకుండానే లేపింది. గడకర్ర అప్పటికే గాల్లో ఉంది. దెబ్బకు బంతి నీలం చొక్కాల మధ్య నేలను తాకి ఎగిరిపోయింది.

గెలిచారు! ఆడవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడి కేకలు పెడుతున్నారు. ఆ గోలలో వదిన గొంతు అన్నిటికంటే పైకి లేచింది.

“అమ్మాయ్! ఇటు రా! అమ్మ చెయ్యి చూడు!”

పెద్దావిడ ఎడంచెయ్యి గాల్లో ఆగి ఎదురుచూస్తోంది. కుడిచెయ్యి ఒళ్లోంచి వణుకుతూ లేచి, దారి వెతుక్కుంటూ వెళ్లి దాన్ని కలుసుకుంది. చప్పుడు చిన్నదే, కానీ అది చప్పట్లే. మళ్లీ కొట్టింది.

“రోజూ బంతి తోయిస్తున్నాను వదినా,” అంది నిచ్చెన రొప్పుతూ. మోకాలి మీంచి నెత్తురు కారుతున్న సంగతి ఆమెకు తెలీదు. “ఇంత పైకి లేస్తుందని నాకూ తెలీదు.”

వదిన చెమటకు తడిసి ముద్దయిన మరదలి తలను భుజానికి గట్టిగా అదుముకుంది.

పొద్దు వాలాక వదిన తన తల్లి మంచం దగ్గర వంగింది. “నాతో వస్తావా అమ్మా?”

పెద్దావిడ కూతురి చెంప నిమిరింది. “ఇక్కడే,” అంది. ఊపిరి కూడదీసుకుని ఇంకో మాట వెతుక్కుంది. “నువ్వు... రా. ఆటకి.”

వదిన నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. డ్యూటీకి బయలుదేరిన తమ్ముడి వెంట బస్టాండుకు వెళ్లిపోయింది. వీధి మలుపులో ఆగి వెనక్కి చూసి చెయ్యి ఊపింది.

ఇల్లు సర్దుతుంటే నిచ్చెనకు తలుపు వెనక కొత్త పెట్టె ఒకటి కనిపించింది. అయ్యో, వదిన మరిచిపోయిందనుకుని ఎత్తితే గాలిలా తేలిపోయింది. తెరిచి చూసింది. లోపల ఏమీ లేదు. ఊరికి తీసుకెళ్లేటప్పుడు పెద్దావిడ బట్టలు నలగకుండా అడుగున పరిచిన మెత్తని తెల్లగుడ్డ మాత్రం, ఒక్క ముడతైనా లేకుండా ఉంది.