ఐదు వోల్టుల ఆయాసం

నేను ఒక ఇరవై ఎనిమిది కాళ్ల చిప్పుని. మైక్రోకంట్రోలర్ అంటారు. ఇన్ని కాళ్లుండీ ఒక్కడుగు నడవలేను. ఎవరు ఎక్కడ గుచ్చితే అక్కడే నా కాపురం. పరాయి దేశపు ఫ్యాక్టరీలో, ముఖాలకు ముసుగులు కట్టుకున్న మనుషుల మధ్య పుట్టి, చివరికి కాకినాడలో విడిభాగాలమ్మే ఒక కొట్టులో తేలాను. కొట్టతను నాకు ఒకే ఒక్క పని నేర్పాడు, కోడిగుడ్లు పొదగడం. కోడికి పుట్టుకతో వచ్చే విద్య నాకు కంప్యూటరుతో ఎక్కించాల్సి వచ్చింది.

నన్ను కొన్నది గుబ్బల నూకరాజు, రిటైరైన లైన్‌మన్. ఆయన భార్య వరాలమ్మ కోళ్లన్నిటినీ వీధికుక్కలు ఒక్కపూటలో చంపేశాయి. పద్నాలుగేళ్లుగా ఆమె సాకుతూ వచ్చిన సంతతి అది. బియ్యం డబ్బాలో దాచిన ముప్పై నాలుగు గుడ్లు మాత్రం మిగిలాయి. ఊళ్లో పొదగడానికొచ్చిన కోడి ఒక్కటీ దొరకలేదు. ఈ గుడ్లు పిల్లలు కాకపోతే ఆ జాతి అంతటితో సరి.

"నేనున్నాను కదే," అని నూకరాజు ఆమెకు మాటిచ్చాడు.

వసారాలో ఒక థర్మోకోల్ పెట్టె పెట్టాడు. అందులో గుడ్లు, ఒక బల్బు, పక్కన అట్టముక్క మీద నేను. వేడి తగ్గితే బల్బు వెలిగించాలి, పెరిగితే ఆర్పాలి. నాకు కావలసిన ఐదు వోల్టులూ హాల్లో ఉన్న ఫోన్ చార్జరు నుంచి రావాలి. అంతదూరం ఆయన వాడింది పాత కాలింగ్ బెల్లు తీగ, వెంట్రుక కంటే కాస్త లావు.

"పదకొండు వేల వోల్టుల తీగలు లాగినోణ్ణి. ఐదు వోల్టులకి ఇంతకంటే ఏం కావాలే?" అన్నాడు. ఏనుగుల్ని మేపినవాడికి మేకపిల్ల ఆకలి ఆకలిగా కనబడదు.

తొమ్మిది రోజులు బాగానే గడిచాయి. గుడ్లను వరాలమ్మే రోజుకు మూడుసార్లు చేత్తో తిప్పేది. ఆమెకు ఆయాసం ఉంది, అన్నిసార్లు వంగలేకపోతోందని పదో రోజున నూకరాజు గుడ్ల తట్టకు చిన్న మోటారు బిగించాడు. ప్రేమతోనే చేశాడు. నా కష్టాలు అక్కణ్ణించే మొదలయ్యాయి.

మోటారు కదలగానే ఆ సన్నతీగలో వచ్చేదంతా అది తాగేసేది. నాకు మూర్ఛ వచ్చేది. నేను పడితే బల్బు ఆరిపోయేది. లేచి, ఇది మొదటి రోజు కాబోలనుకుని, కొట్టతను ఎక్కించిన పాఠం ప్రకారం మోటారు తిప్పేవాణ్ణి. మళ్లీ మూర్ఛ. పడటం, లేవటం, పడటం. ఇలా గంటకు ఎన్నిసార్లో. పెట్టె చల్లబడేది. వరాలమ్మ గుడ్ల చుట్టూ పాత చీర కప్పి, సీసాల్లో వేన్నీళ్లు పోసి పక్కన పెట్టేది.

నూకరాజు వోల్టులు కొలిచే మీటరు తెచ్చాడు. ఆయనకొక నియమం ఉంది. "ముప్పై ఒక్క ఏళ్లు స్తంభాలెక్కాను. లోడు తియ్యకుండా ఏనాడూ చెయ్యి పెట్టలేదు. అందుకే బతికున్నాను," అనేవాడు. అందుకని ముందు మోటారు తీగ పీకి, ఆ తర్వాత కొలిచేవాడు. సరిగ్గా ఐదు వోల్టులు. "కరెంటు బంగారంలా ఉంది. చిప్పే పనికిమాలింది," అని తేల్చి, మోటారు తగిలించి, మూతేసి వెళ్లిపోయేవాడు. ఆయన గుమ్మం దాటేలోపు నేను పడిపోయేవాణ్ణి.

మూడు రోజులు ఇదే తంతు. చార్జరు మార్చాడు. అతుకులన్నీ మళ్లీ అతికాడు. చివరికి నన్ను పీకేసి, అదే కొట్టులో అదే పాఠం ఎక్కించిన కొత్త చిప్పును పెట్టాడు. అదీ పడిపోయింది. దాన్ని కోపంగా పీకడంలో రెండు కాళ్లు విరగ్గొట్టి, గత్యంతరం లేక మళ్లీ నన్నే గుచ్చాడు. నిజం చెబుతున్నాను, నేను చాలా అలిసిపోయాను.

పదమూడో రోజు మధ్యాహ్నం వరాలమ్మ గుమ్మానికి జారగిలబడి చూస్తోంది.

"మీరు కొలిసినప్పుడల్లా మోటారు పీకేత్తన్నారు కదండీ," అంది. "నాకు ఆయాసం కూకుంటే వత్తాదా, మెట్లెక్కితే వత్తాది గానీ. అది పనిసేత్తుండగా సూడండి."

నూకరాజు ఆమె వంక చూశాడు, మోటారు వంక చూశాడు. ఇష్టం లేకుండానే మోటారు తిరుగుతుండగా మీటరు ముల్లు ఆనించాడు. ఐదు కాదు, మూడున్నర వోల్టులే. అటక మీంచి లావు తీగ దించి, బెల్లు తీగ తెంపి పారేశాడు. ఆ సాయంత్రం నుంచి నేను పడలేదు.

గుడ్లు చిట్లాల్సిన ఇరవై ఒకటో రోజు ఏమీ జరగలేదు. ఇరవై రెండు కూడా అంతే. ఇరవై మూడో రోజు పొద్దున ఒక పెంకు చిట్లింది. మరునాటికి ఐదు పిల్లలు. మిగతావి కదల్లేదు. నూకరాజు పెరట్లో గుంట తవ్వి ఇరవై తొమ్మిది గుడ్లనూ తనే పూడ్చి వచ్చాడు.

"ఇన్నింటి ఉసురూ నేనే పోసుకున్నానే," అన్నాడు.

"ఆ మాట రేపు సెప్పుకుందాం. ముందు దీన్ని పట్టుకోండి, వణుకుతంది," అని వరాలమ్మ ఒక పిల్లను ఆయన దోసిట్లో పెట్టింది. ఆయన మట్టిచేతులతో అలాగే కూలబడి, దాన్ని ఊపిరితో వెచ్చబెడుతూ ఉండిపోయాడు.

నన్నెవరూ పలకరించలేదు. ఐదింటిలో పెట్టలెన్నో పుంజులెన్నో ఇప్పుడే తెలియదు. ఒక్క పెట్టయినా ఉండాలని వరాలమ్మ మొక్కుకుంది. మొక్కుకోవడం నాకెవరూ నేర్పలేదు. బల్బు మాత్రం ఆరనివ్వడం లేదు.