మింగని నీళ్ళు

"నీళ్ళు వాసనొస్తున్నాయి," అన్నాడు భర్త, సైకిలు గోడకి ఆనించి, వీపు మీది సంచి ఆమె చేతిలో పెడుతూ.

ప్రతి ఆదివారం ఆ సంచి ఆమె చేతికే వస్తుంది. కొండ దారుల్లో ఐదారు గంటలు సైకిలు తొక్కేవాళ్ళు వీపుకి తగిలించుకునే సంచి. లోపల నీళ్ళ తిత్తి, దాన్నుంచి భుజం మీదుగా నోటి దాకా ఒక గొట్టం, గొట్టం చివర కొరికితే నీళ్ళొచ్చే రబ్బరు పీక. తాగడం ఆయన వంతు. తిత్తిలో వంటసోడా వేసి గిలకొట్టడం, గొట్టంలోకి సన్న బ్రష్షు దూర్చి పాకుడు తీయడం, తిత్తి గోడలు అతుక్కోకుండా లోపల గరిటె నిలబెట్టి ఆరేయడం ఆమె వంతు. ఈసారి ఎంత తోమినా పాకుడు వదల్లేదు. పీక కూడా చిరిగి కారుతోంది.

"కొత్తది తెచ్చెయ్. వచ్చే ఆదివారం పెద్ద రైడుంది. నాకు తీరదు."

"నేనా? వాటి గురించి నాకేం తెలుసండీ?"

"కడిగేది నువ్వేగా. ఏది కడగడానికి వీలో నీకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?" అని, తీర్పు చెప్పి తనే మెచ్చుకున్నట్టు నవ్వి, స్నానానికి వెళ్ళాడు.

లోపల్నుంచి అత్తగారు అందుకుంది. "వాడు ఎండన పడి వచ్చాడు, ముందు చల్లటి నీళ్ళియ్యవే. ఎదురెళ్ళి ఇస్తే నీ చేతులేం అరిగిపోవు."

ఆమె ఉద్యోగం టోల్ గేటులో. నాలుగో లైను, అద్దాల బూతు, కాళ్ళు చాపుకునే జాగా ఉండదు. ఎనిమిది గంటలు చెయ్యి బయటికి పెట్టడం, లోపలికి తీయడం. ఆడవాళ్ళ మరుగుదొడ్డి రోడ్డుకి అవతల, ఆరు లైన్లు దాటాలి. వెళ్ళాలంటే లైను మూయాలి, మూస్తే లారీలవాళ్ళు హారన్లతో చెవులు చిల్లులు పొడుస్తారు. చేరిన కొత్తలో, ఒక పూటలో రెండోసారి అడిగితే సూపర్‌వైజర్ మైకులోనే అన్నాడు, అన్ని బూతులకీ వినపడేలా. "నాలుగో నంబరూ, ఇప్పుడే కదమ్మా వెళ్ళొచ్చావ్? కుళాయి ఏమన్నా లీకా?" మగవాళ్ళున్న బూతులన్నీ ఒక్కసారి నవ్వాయి. ఆ సాయంత్రమే పక్క బూతు అక్క ఆమెకి కిటుకు నేర్పింది. అక్కడి ఆడవాళ్ళంతా ఒకరికొకరు నేర్పుకునేదే. "నోరు తడుపుకో, మింగకు. పుక్కిలించి కిటికీలోంచి ఉమ్మెయ్. నాలుగు రోజులు కష్టంగా ఉంటుంది, తర్వాత దాహమే మర్చిపోతావ్."

మర్చిపోయింది. తొమ్మిదేళ్ళయింది. ఈమధ్య నడుములో పోటొస్తే డాక్టరమ్మ చూసి, కిడ్నీలో రాయి కట్టిందంది, రోజుకి మూడు లీటర్లు తాగమంది. ఇంట్లో చెబితే భర్త వింతగా చూశాడు. "కొండెక్కే నాకు మూడు లీటర్లు కావాలి. కూర్చునేదానివి, నీకు దాహం ఎక్కణ్ణుంచొస్తుందే?" మర్నాడు స్నేహితుల ముందు అదే మాటకి ఇంకాస్త నగిషీ చెక్కాడు. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, మా ఆవిడ మాత్రం కరగదురోయ్!" టీ కప్పులు ఏరుతూ ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే బాగుండదని.

పోయిన నెల ఆ పక్క బూతు అక్కని చూడ్డానికి వెళ్ళింది. కిడ్నీలు రెండూ పోయి, వారానికి మూడుసార్లు డయాలసిస్. మంచం పక్కన చిన్న గ్లాసుంది. రోజంతటికీ ఆ కొలతే తాగాలట, ఒంట్లో చేరిన నీరు బయటికి పోదు కాబట్టి. "తాగగలిగిన రోజుల్లో తాగలేదు. ఇప్పుడు కలలో కూడా నీళ్ళేనే, తాగనివ్వరు," అంది అక్క. "నీకు నేర్పింది నేనే కదే," అని గోడవైపు తిరిగింది. పోనీ నోరు తడపనా అక్కా అని ఆమె అడగబోయి, ఆ మాట తన చెవికే సూదిలా గుచ్చుకుని ఆగిపోయింది.

ఆమె వెళ్ళిన సైకిళ్ళ షాపు నడిపేది నడివయసు ఆవిడ. వేళ్ళకి గ్రీజు, మెడలో టేపు. "వీపు కొలత ఎంతమ్మా? మెడ ఎముక నుంచి నడుం ఎముక దాకా."

"రెండు జానలు, నాలుగు వేళ్ళు." ప్రతి ఆదివారం తను మందు రాసే భర్త వీపది. షాపావిడ ఆమె జానని టేపుతో కొలిచి, లెక్క వేసి, "పందొమ్మిది అంగుళాలు. పెద్ద సైజు," అంది. గంటకి ఎంత తాగుతాడు, ఏ భుజం రాసుకుంటుంది, ఎన్నో గంటలో నీరసపడతాడు, అన్నీ అడిగింది. అన్నిటికీ జవాబు తడుముకోకుండా వచ్చింది. "మరి మీది?" అని షాపావిడ ఊరికే, చేతిలో టేపుంది కదా అన్నట్టు, ఆమె వీపు మీద పెట్టింది. "పదిహేను."

తన వీపుకి ఒక కొలత ఉందని ఆమెకి అప్పుడే తెలిసింది.

షాపావిడ ఒక తిత్తిలో మంచినీళ్ళు పట్టి, పీక ఆమె చేతికిచ్చింది. "కొరికి పీల్చండి. ధార బాగుందో లేదో చూడండి."

పీల్చింది. చల్లటి నీళ్ళు నోరంతా నిండాయి. ఆమె పుక్కిలించి, ఉమ్మడానికి చోటు కోసం అటూ ఇటూ చూసింది. కిటికీ లేదు. బుగ్గలు ఉబ్బించుకుని అలాగే నిలబడింది.

"మింగండమ్మా," అంది షాపావిడ. "మంచినీళ్ళేగా."

మింగింది. గొంతు దిగడానికి మొరాయించి, దిగింది. ఇంకో గుక్క. ఇంకోటి. కళ్ళలోంచి కారుతున్నది తుడుచుకోవాలని కూడా తోచలేదు. సగం తిత్తి అయిపోయాక పీక వదిలింది. షాపావిడ పెద్ద సైజు సంచి బల్ల మీద పెట్టింది. "మూతి వెడల్పు. మీ చెయ్యి సులువుగా దూరుతుంది, కడుక్కోవచ్చు."

"నా చెయ్యి కాదు. మగాడి చెయ్యి దూరుతుందా?"

"భేషుగ్గా."

"అయితే ఇవ్వండి. ఇంకోటి కూడా. పదిహేను అంగుళాలది."

షాపావిడ మొహం విప్పారింది. "మీరూ కొండెక్కుతారా?"

"లేదండీ. నాది కూర్చునే ఉద్యోగం," అంది ఆమె. "మధ్యలో ఆరు లైన్లు దాటాలి, అంతే."